ఆ ముడి బొమ్మ సరిచేయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో గాలం వేట మీద వచ్చిన వ్యాసం చదివాను. వలల గురించి రాసేవాళ్లు ఉన్నారు గానీ గాలం ఊసెత్తేవాళ్లు తక్కువ, అందుకు ముందుగా ధన్యవాదాలు. అయితే కొత్తగా స్పిన్నింగ్ రీలు కొన్నవాళ్లు 50 పౌండ్ల బలమున్న బ్రెయిడ్, అంటే పోగులతో అల్లిన దారం, చుట్టించుకుంటే ఇక దారం తెగే ప్రశ్నే ఉండదని అందులో రాశారు. పక్కనే వేసిన బొమ్మలో ఆ బ్రెయిడ్‌ని హుక్కుకి మామూలు చుట్ల ముడితో కట్టి చూపించారు. ఆ మాట నమ్మి, ఆ బొమ్మ చూసి కట్టుకున్నవాడికి దారం తెగకపోవచ్చు. ముడి మాత్రం జారిపోతుంది. చేపా పోతుంది, హుక్కూ పోతుంది.

నేను తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ప్యాకెట్ మీద అంకె కనిపిస్తే దాన్ని త్రాసుకి ఎక్కించందే నాకు నమ్మబుద్ధి కాదు. ఇంట్లోవాళ్లు దీన్ని జబ్బు అంటారు. గాలపు దారం దగ్గర ఆ జబ్బు బాగానే పనికొచ్చింది. పాత పేపర్లవాళ్ల దగ్గర ఉండే వేలాడే త్రాసు ఒకటి, అప్పడాల కర్ర ఒకటి చాలు. దారం ఒక కొసని ముడి వేయకుండా కర్ర మీద పది చుట్లు చుట్టి పట్టుకోవాలి. రెండో కొసకి హుక్కు కట్టి త్రాసుకి తగిలించి, నెమ్మదిగా లాగాలి. కళ్లజోడు పెట్టుకోవడం మరిచిపోకూడదు, హుక్కు ఎగిరొస్తుంది.

ఇలా లాగితే తెలిసేది ఒకటే. దారం నడిమధ్యలో దాదాపు ఎప్పుడూ తెగదు, ముడి దగ్గరే తెగుతుంది. 20 పౌండ్లంటే సుమారు 9 కిలోలు. ఆ బలమున్న నైలాన్‌లో, అంటే మనం తంగూసు అనేదాంట్లో, ఒక్క ఒంటి ముడి పడితే సగం బలం పోయినట్టే. గాలికి దానంతటది పడే ముడైనా అంతే. మనవాళ్లు అలవాటుగా ముడి మీద ముడి వేసి ‘గట్టిగా ఉంది’ అంటారు, అదీ ఒంటి ముడే. దారం వంపు తిరిగే చోట బయటి వైపు ఎక్కువ సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే ఆ రాపిడికి వేడి పుట్టి దారం అక్కడే దెబ్బతింటుంది. పాతకాలం గాలగాళ్లు ముడిని నోట్లో పెట్టి తడిపి బిగించేది ఇందుకే.

బ్రెయిడ్ కథ వేరు. అది పాలిథిలిన్ పోగుల అల్లిక. దానికి సాగుడు బాగా తక్కువ, నునుపు ఎక్కువ. నైలాన్‌లో ఐదారు చుట్లకి పట్టుకునే ముడి దీంట్లో పట్టు దొరక్క జారుతుంది. మా పక్కింటి కుర్రాడు కోరంగి వైపు కాలవలో పండుగప్ప తగిలి పోయిందని, ‘రీలు చెత్తది తాతయ్యా, దారం తెంపేసింది’ అని నా దగ్గరకి తెచ్చాడు. దారం కొస చూశాను. చివర అంగుళం మేర మెలికలు మెలికలుగా ముడుచుకుని ఉంది. తెగిన దారం అలా ఉండదు. రాయికో గుల్లకో కోసుకుంటే కొస పీచుగా విడిపోతుంది, పైన కూడా గీరుకున్న జాడ కనిపిస్తుంది. మెలికలున్నాయంటే ముడి విప్పుకుని జారిపోయిందని అర్థం. వాడు కట్టింది అచ్చం మీ బొమ్మలోని ముడే.

బ్రెయిడ్‌కి పాలొమార్ ముడి నేర్చుకుంటే చాలు, చీకట్లో కూడా కట్టొచ్చు. దారాన్ని మడిచి జంటగా హుక్కు బెజ్జంలో దూర్చాలి. ఆ జంటతోనే వదులుగా ఒక ఒంటి ముడి వేయాలి. చివర మిగిలిన మడతలోంచి హుక్కుని మొత్తం దాటించి, తడిపి, నెమ్మదిగా బిగించాలి. ఇది నా త్రాసు మీద దారం బలంలో ఎక్కువ భాగాన్నే నిలబెడుతోంది. నైలాన్‌కైతే యూని ముడి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా వరసగా కూర్చుంటే చాలు.

ఇక ఏ దారం కొనాలన్న మాటకి వస్తే, కొత్తవాళ్లకి 0.28 లేదా 0.30 మి.మీ. నైలాన్ చాలని నా అభిప్రాయం. మంచి రకం ఆరేడు కిలోలు ఆపుతుంది. చెరువుల్లో తవుడు, నూనె తీసిన చెక్క కలిపిన ముద్దతో శీలావతికీ బొచ్చెకీ వేసేవాళ్లకి నైలాన్ సాగడమే మేలు. బొచ్చె ఒక్క ఊపున గుంజినా దారం సాగి ఆ దెబ్బని మింగుతుంది, మెత్తటి మూతి చిరగదు. కలుపులో కప్ప లూర్ (కప్ప ఆకారపు ఉత్తుత్తి ఎర) ఆడిస్తూ కొరమీను కోసం వేసేవాళ్లకి మాత్రం బ్రెయిడే సరి, అక్కడ సాగే దారం పనికిరాదు. పండుగప్పకైతే బ్రెయిడ్ ఒక్కటే చాలదు. దాని నోరు ఆకురాయి, మొప్ప డిప్ప అంచు పదునుగా ఉంటుంది, పైగా మడ చెట్ల వేళ్లకి గుల్లలుంటాయి. బ్రెయిడ్‌కీ హుక్కుకీ మధ్య ఒక బార మందపాటి లీడర్, అంటే వేరే దారం ముక్క, ఉండాల్సిందే. లీడర్‌కి చాలామంది ఫ్లోరోకార్బన్ అనే రకం దారం వాడతారు. అది నీళ్లలో నైలాన్ కంటే తక్కువగా కనిపిస్తుంది, త్వరగా మునుగుతుంది. కానీ బిరుసు. చిన్న రీలు నిండా అదే చుట్టిస్తే విసిరిన ప్రతిసారీ స్పూల్ (రీలులో దారం చుట్టి ఉండే డబ్బా) మీంచి చుట్లు చుట్లుగా దూకి చికాకు పెడుతుంది.

స్పిన్నింగ్ రీలులో దారం చుట్టేటప్పుడు స్పూల్ తిరగదు, దారాన్ని పట్టి చుట్టే బెయిల్ తీగే దాని చుట్టూ తిరుగుతుంది. అందుకే దీంట్లో దారం మెలిపడటం ఎక్కువ. చేప దారం లాక్కుపోతూ డ్రాగ్ (గట్టిగా గుంజితే దారాన్ని కొద్దికొద్దిగా వదిలే బ్రేకు) కిర్రుమంటుంటే చాలామంది టెన్షన్‌తో హ్యాండిల్ తిప్పుతూనే ఉంటారు. ఒక్క తిప్పుకి స్పూల్ చుట్టూ బెయిల్ ఐదు చుట్లు తిరిగే రీలైతే, దారం లోపలికి అంగుళం రాకుండా ఐదు మెలికలు పడతాయి. పాత ల్యాండ్‌లైన్ రిసీవర్ తీగలా చుట్టుకుపోయి, అదే తర్వాత ఒంటి ముడి అవుతుంది. చేప లాగుతుంటే చెయ్యి ఆపాలి. డ్రాగ్ కూడా దారం మీది అంకెని బట్టి కాదు, త్రాసు మీద ముడి తెగిన అంకెని బట్టి పెట్టాలి, అందులో మూడో వంతు దాటకూడదు. బ్రెయిడ్‌ని నున్నటి స్పూల్ మీద నేరుగా చుడితే మొత్తం కట్ట గిర్రున జారుతుంది, అడుగున కాస్త నైలాన్ వేయాలి.

ప్యాకెట్ల సంగతి రాయకపోతే నా ఉద్యోగానికే అన్యాయం చేసినవాణ్ణవుతాను. పౌండ్లను మన దేశం 1960ల మొదట్లోనే వదిలేసింది. గాలపు దారం మీద మాత్రం ఇంకా ‘ఎల్‌బీ’లే, అంటే పౌండ్లే. రీలు స్పూల్ మీదేమో ఇన్ని మిల్లీమీటర్ల దారం ఇన్ని మీటర్లు పడుతుందని ఉంటుంది. రెండూ కలవక కొనేవాడు కొట్టువాడి మాట మీద ఆధారపడతాడు. 0.25 అని రాసిన నైలాన్‌ని స్క్రూగేజీలో పెడితే 0.35 దాటింది. మందం అంత పెరిగితే కోత వైశాల్యం దాదాపు రెట్టింపు. ఇక బలం రాకేం చేస్తుంది? ‘సన్నగా ఉండి ఇంత బలం’ అన్న గొప్ప అక్కడిది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం దిగుమతి సరుకు మీద దిగుమతిదారు చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. నేను చూసిన చవక ప్యాకెట్లు చాలావాటి మీద ఎగిరే చేప బొమ్మ తప్ప ఏమీ లేదు. కొనేవాళ్లు అడగాలి, బిల్లు తీసుకోవాలి.

పనిలో పనిగా ఇంకొకటి. తెగిన దారం గట్టు మీద పడేసి వెళ్లకండి. గాలిపటాల సింథటిక్ మాంజాని 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ నిషేధించింది, ఇదీ అదే నైలాన్. కొంగ కాళ్లకి చుట్టుకుంటే విప్పడానికి ఎవరూ ఉండరు.

వచ్చే ఆదివారం సంచికలో ఆ బొమ్మని సరిచేసి వేయవలసిందిగా కోరుతున్నాను. కావాలంటే పాలొమార్ ముడి నేనే గీసి పంపుతాను. హుక్కు పెద్దదిగా, జంట దారం రెండు రంగుల్లో అచ్చువేస్తే కుర్రాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
తూనికలు కొలతల శాఖ విశ్రాంత ఉద్యోగి,
రాజమహేంద్రవరం