మా నడుముల సంగతీ అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పనే. నేను తోలేది 2012 మోడల్ పది టైర్ల బండి. దాంట్లో ఏసీ సంగతి అటుంచండి, సీటు స్పాంజి అరిగిపోయి కింద రేకు తగులుతోంది. మా ఆవిడ పాత చీరలు మడతలు పెట్టి కుట్టిచ్చిన బొంత వేసుకుని కూర్చుంటున్నాను.

నా వయసు 58. 1985లో క్లీనరుగా బండెక్కాను. డ్రైవరయ్యాక చాలా ఏళ్లు ఆకివీడు, కైకలూరు నుంచి హౌరాకు చేపల లోడు తోలాను. దాదాపు 1,200 కిలోమీటర్లు. ఐసు కరిగేలోగా మార్కెట్‌లో దించాలి, ఆలస్యమైతే కిరాయిలో కోత. పవర్ స్టీరింగులు లేని రోజులవి. ఇప్పుడు ఆ లోడు కుర్రాళ్లకే ఇస్తున్నారు. నాకు మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం బస్తాలు. దూరం తక్కువే గానీ, అక్కడ లైన్లో ఒక్కోసారి రెండు రోజులు క్యాబిన్‌లోనే ముడుచుకుని పడుకోవాలి.

పొద్దున్నే బండి దిగడం ఎలా ఉంటుందో చెబుతాను. వెనక్కి తిరిగి, అద్దం స్టాండు పట్టుకుని, ముందు కుడికాలు దించుతాను. ఎడమకాలు ఇన్నేళ్లు క్లచ్ తొక్కిన కాలు, దాని మోకాలు వెంటనే బరువు ఆపదు. అలా తలుపుకి వేలాడుతూ ఓ నిమిషం నిలబడితే నడుము దగ్గర నుంచి పిక్క దాకా కరెంటు పాకినట్టు పాకి, తర్వాత తగ్గుతుంది. అప్పుడు అడుగు వేస్తాను. పక్క బండి కుర్రాడు చూస్తుంటే టైర్లు చూసుకుంటున్నట్టు నటిస్తాను. దీని మీద ఇప్పుడు చాలా బళ్లకు క్లీనర్లు లేరు. వాన వస్తే లోడు పైకెక్కి పట్టా కప్పి తాళ్లు బిగించేది కూడా డ్రైవరే.

డాష్‌బోర్డు మీద కనకదుర్గమ్మ ఫొటో, దాని పక్కనే మాత్రల అట్ట. మందుల షాపులో పేరు కూడా అడగరు, నొప్పి మాత్ర, దానితో పాటు గ్యాస్ మాత్ర చేతిలో పెడతారు. ఎనిమిదేళ్లుగా రోజుకి రెండు. కిందటేడాది కాళ్లు వాచి ఆసుపత్రికి వెళితే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8 ఉంది, ఉండాల్సిన దానికన్నా ఎక్కువన్నారు. మాత్రలు మానేసి మూడు నెలలు విశ్రాంతి తీసుకోమని ఆ చిన్న డాక్టరమ్మ మంచిగానే చెప్పింది. ట్రిప్పుకింత బత్తా మీద బతికేవాడికి మూడు నెలలంటే ఏమిటో ఆ అమ్మాయికి తెలియదు, ఆమె తప్పు కాదు.

ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. నాకు ఐదేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్‌కి ఒక మెడికల్ కాగితం. 25 మీటర్ల దూరంలో నంబరు ప్లేటు కనిపిస్తుందా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, చెవులు పనిచేస్తున్నాయా అని అందులో ఉంటుంది. రోజుకి ఎన్ని నొప్పి మాత్రలు మింగుతున్నావనే గడి లేదు. ఉన్నా మేం నిజం రాయమనుకోండి. నడుము పోయిందని తెలిస్తే ఓనరు తాళాలు ఇంకొకరికి ఇస్తాడు.

అందుకే నేను అడిగేది కొత్త కాగితం కాదు. జనవరిలో రోడ్డు భద్రత పేరిట మాకు కంటి శిబిరాలు పెడతారు. నా కళ్లజోడు అక్కడిదే. అదే టెంటులో ఒక ఫిజియోథెరపిస్టుని కూర్చోబెట్టి, కిడ్నీ రక్తపరీక్ష కూడా చేయించండి. రిపోర్టు డ్రైవరు చేతికే ఇవ్వండి, రవాణా శాఖకి గానీ ఓనరుకి గానీ వెళ్లకూడదు. అప్పుడైతే మావాళ్లు నోరు విప్పుతారు.

రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారట. అయితే అది ఐదుగురు, అంతకుమించి పనివాళ్లున్న చోటికే వర్తించేది. మా ఓనరుకి ఉన్నవి రెండు బళ్లు. అసంఘటిత కార్మికులకు 60 నిండాక నెలకు 3,000 పింఛను ఇచ్చే కేంద్ర పథకంలో చేరాలంటే 18 నుంచి 40 ఏళ్ల లోపు ఉండాలి. అది 2019లో వచ్చేనాటికే నాకు 50 దాటాయి. ఆటో డ్రైవర్లకు రాష్ట్ర ప్రభుత్వం 15 వేలు ఇచ్చింది, నాకు కడుపుమంట లేదు. పాతికేళ్లు లారీ తోలినవాడికి కూడా ఏదో ఒక దారి చూపించమంటున్నాను. ఎప్పటి నుంచి తోలుతున్నామో మా లైసెన్సు మీద తేదీలే చెబుతాయి.

దయచేసి నా పేరు వేయకండి. మా ఓనరు మీ పేపరే చదువుతాడు. వచ్చే నెలలో నా లైసెన్సు రెన్యువల్ కూడా ఉంది.

– ఒక లారీ డ్రైవరు, గుడివాడ