గేర్లు పడకపోతే ముందు లివర్ ఎత్తు చూడండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలవగానే మారేడుమిల్లి, లంబసింగి, అరకు ఘాట్లకు బైకులు బారులు తీరతాయి. ఆ ప్రయాణాల గురించి రాసే వాళ్లంతా హెల్మెట్, జాకెట్, చీలమండను కప్పే గట్టి రైడింగ్ బూట్లు కొనమంటారు. మంచి మాటే. కొన్న బూటుకు తగ్గట్టు గేర్ లివర్ ఎత్తు మార్చుకోవాలని మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. కొత్త బూట్లు వేసిన వారానికే "గేర్లు పడట్లేదు" అంటూ బండి మెకానిక్ దగ్గరికి వస్తుంది. క్లచ్ కేబుల్ బిగిస్తారు, ఆయిల్ మారుస్తారు, ఒక్కోసారి ఇంజనే విప్పుతారు. ముందు మామూలు షూతో ఓ కిలోమీటరు నడిపి చూడండి. గేర్లు శుభ్రంగా పడితే గేర్ బాక్సును ముట్టుకోనక్కర్లేదు.

ముందొకటి, వెనకొకటి తొక్కుడు ఉన్న లివర్‌కు అలవాటు పడిన కాలికి అడ్వెంచర్ బైకు మీద ఒకే కొన దొరుకుతుంది. మొదటి గేర్‌కు కిందికి నొక్కాలి, మిగతా అన్నింటికీ పాదంతో పైకి ఎత్తాలి. షూలో ఈ పనంతా చీలమండే చేసేస్తుంది. బూటులో అది సగం కూడా వంగదు. పైగా బూటు ముక్కు షూ కంటే మందం, పొడవు కూడా. షూ కొలతకు పెట్టిన లివర్ కిందికి అది సగమే దూరుతుంది, సగమే ఎత్తుతుంది. లోపల గేర్లు మార్చే షిఫ్ట్ డ్రమ్ పూర్తిగా తిరగదు. గేర్ అటూ ఇటూ కాకుండా మధ్యలో ఆగి, యాక్సిలరేటర్ ఇవ్వగానే ఇంజను ఊరికే అరుస్తుంది. ఘాట్ రోడ్డు వంపులో ఇలా జరిగితే ఇంజను బ్రేకింగ్ (గేర్‌లో ఉన్న ఇంజను బండి వేగాన్ని తగ్గించడం) ఉండదు కాబట్టి ప్రమాదమే.

ఇంకో తిరకాసు ఉంది. ఒక గేర్ పడ్డాక లివర్ పూర్తిగా మధ్యకు తిరిగొస్తేనే తర్వాతి గేర్‌ను పట్టుకుంటుంది. బూటు లోంచి లివర్ స్పర్శ తెలియదు కాబట్టి పాదం దాని మీదే ఉండిపోతుంది. అది తిరిగి రాదు, రెండోసారి ఎత్తినా ఖాళీగా ఆడుతుంది. అలా బరువు మోపి వేల కిలోమీటర్లు నడిపితే గేర్లను జరిపే షిఫ్ట్ ఫోర్కులు అరుగుతాయి, గేర్లను ఒకదానికొకటి పట్టించే డాగ్‌ల (పళ్ల) అంచులు గుండ్రబడి గేర్ దానంతటదే జారిపోతుంది. అప్పుడు నిజంగానే ఇంజను విప్పాలి.

సరిచేయడం పది నిమిషాల పని. బండిని సెంటర్ స్టాండ్ మీద, లేదా ఎవరినైనా నిటారుగా పట్టుకోమని నిలబెట్టి, బూట్లు వేసుకుని కూర్చోండి. పాదం మధ్యభాగం ఫుట్‌పెగ్ (కాలు పెట్టుకునే కడ్డీ) మీద సమంగా ఉంచితే, బూటు ముక్కు వంచకుండానే లివర్ కిందికి దూరాలి. బూటుకు, పైనున్న లివర్‌కు మధ్య సుమారు ఒక వేలు సందు మిగలాలి. లివర్‌ను గేర్ బాక్సుకు కలిపే లింకేజ్ రాడ్ ఉన్న బండికి రెండు చివర్లా లాక్ నట్లు వదులు చేసి, రాడ్‌ను అర చుట్టు చొప్పున తిప్పుతూ చూసుకోవాలి. వాటిలో ఒకటి ఎడమ మర (వ్యతిరేక దిశలో తిప్పితే వదిలేది) అయి ఉంటుంది, వదలట్లేదని బలవంతం చేయకండి. రెండు చివర్లా మర తగినంత లోపల ఉండగానే ఆపి, నట్లు బిగించాలి.

లివర్ నేరుగా షాఫ్ట్ (గేర్ బాక్సులోంచి బయటికి వచ్చే పళ్ల కడ్డీ) మీదే కూర్చున్న బండికి బోల్టు పూర్తిగా బయటికి తీయాలి. అది షాఫ్ట్ గాడిలోంచి పోతుంది కాబట్టి వదులు చేసి లాగితే రాదు. పాత చోట పెయింటుతో గీత పెట్టి, ఒక్క పల్లు మాత్రమే జరపండి. ఒక్క పల్లుకే కొన దగ్గర రెండు మూడు సెంటీమీటర్లు మారుతుంది. అది మరీ ఎక్కువైతే ఫుట్‌పెగ్ మీది రబ్బరు తీసి చూడండి, పాదం కాస్త కిందికి దిగి అదే పని అవుతుంది. చివరికి ఇంజను కేసింగ్‌కు, మడిచిన సైడ్ స్టాండ్‌కు తగలకుండా అన్ని గేర్లూ పడుతున్నాయో లేదో చూడాలి. బోల్టు చిన్నది, గట్టిగా బిగిస్తే మర పోతుంది. కొత్త బండి డెలివరీ రోజే కొనుగోలుదారును బూట్లతో కూర్చోబెట్టి ఇది చేయడం షోరూముల బాధ్యతని నా అభిప్రాయం.

లివర్ సరిగా ఉన్నా కాలు కొత్తగా నేర్చుకోవాలి. చీలమండతో కాకుండా మోకాలు లేపి పాదాన్నంతా పైకి ఎత్తాలి, వెంటనే పక్కకు తీసేయాలి. నిలబడి నడిపేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

బూటు కొనేవాళ్లు ఈఎన్ 13634 (మోటార్ సైకిల్ బూట్ల ఐరోపా ప్రమాణం) ముద్ర కింద ఉండే నాలుగు అంకెలు చూస్తారు. నాలుగోది 2 అయితే బూటు ముందుకు వంగదనుకుంటారు, అది తప్పు. ఆ అంకె పక్కల నుంచి నలిగినప్పుడు అడుగుభాగం ఎంత తట్టుకుంటుందో చెబుతుంది. గేర్‌కు కావాల్సిన వంపు తెలియాలంటే దుకాణంలోనే బూటు వేసుకుని, కుర్చీలో కూర్చుని, మడమ నేల మీదే ఉంచి ముక్కు పైకి లేపి చూడాలి. కొత్తలో పై బకిల్ ఒక గాడి వదులుగా పెట్టుకోవచ్చు. కింది బకిళ్లు వదలకూడదు.

కుడి బూటునూ మరవొద్దు. బ్రేక్ పెడల్ ఎత్తుగా ఉంటే బరువు తెలియకుండానే దాని మీద పడుతుంది. డిస్క్ వేడెక్కి, ఘాట్ దిగేటప్పుడు వెనక బ్రేకు మెత్తబడుతుంది. పెడల్ సరిచేశాక దానికి కాస్త ఆట మిగిలిందా, వెనక చక్రం చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరుగుతోందా, బ్రేక్ లైటు సమయానికి వెలుగుతోందా చూసుకోండి.

– ఒక మోటార్ సైకిల్ మెకానిక్,
రాజమహేంద్రవరం