చిన్నాకి, నాన్న మిర్చి రేట్ల మెసేజ్ సంగతి

ఒరేయ్ చిన్నా,

నువ్వు సర్వర్లో నడిపే పైథాన్ స్క్రిప్టు నుంచి రోజూ రావాల్సిన మిర్చి రేటు మెసేజ్ రావట్లేదని నాన్న ఫోన్లో అన్నారు. నువ్వేమో అర్ధరాత్రి లేచి ల్యాప్‌టాప్ తెరుస్తున్నావని అమ్మ బాధ. ఆ స్క్రిప్టుకి కాపలా కూర్చోవడం దేనికిరా?

టెర్మినల్లో నడిపిన స్క్రిప్టు కనెక్షన్ తెగగానే ఆగిపోతుంది. కనెక్షన్ తెగినా ఆగకుండా చూసే నోహప్ కమాండ్ పెడితే ఆ ఒక్క గండం గడుస్తుంది, అంతే. ఎర్రర్‌తో పడిపోయినా, సర్వర్ రీబూట్ అయినా మళ్లీ లేపేవాళ్లుండరు. నీ ఉబుంటులో ప్రోగ్రాముల్ని నడిపిస్తూ, పడితే లేపే సిస్టమ్‌డి ఎలాగూ ఉంది, దానికి అప్పజెప్పు.

ఈటీసీలో సిస్టమ్‌డి, దాంట్లో సిస్టమ్ ఫోల్డర్. అక్కడ మిర్చి డాట్ సర్వీస్ అని ఫైలు పెట్టు. ఆ ఫైల్లో యూజర్ దగ్గర నీ యూజర్ పేరే రాయి, సర్వాధికారాలున్న రూట్ వద్దు. ఏం నడపాలో చెప్పే ఎగ్జెక్‌స్టార్ట్‌లో ఉత్త పైథాన్ అని రాస్తే, నీ వెన్వ్‌లోని (ఈ స్క్రిప్టుకి విడిగా పెట్టుకున్న పైథాన్ ఫోల్డర్) లైబ్రరీలు దానికి దొరకవు. వెన్వ్ బిన్‌లో ఉన్న పైథాన్‌కి పూర్తి దారి, ఆ పక్కన స్క్రిప్టు పూర్తి దారి ఇవ్వు. హోమ్ ఫోల్డర్‌కి వాడే టిల్డా గుర్తు అక్కడ చెల్లదు, టెర్మినల్ సెట్టింగులుండే బాష్‌ఆర్‌సీని సిస్టమ్‌డి చదవదు. టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్) స్క్రిప్టులో వద్దు, వేరే ఫైల్లో పెట్టి, వేరేవాళ్లు చదవకుండా 600 పర్మిషన్ ఇచ్చి ఎన్విరాన్‌మెంట్‌ఫైల్‌తో చూపించు.

ఆ ఫైల్లోనే రీస్టార్ట్ ఆల్వేస్, రీస్టార్ట్‌సెక్ 30 అని రాయి, పడిపోయిన ప్రతిసారీ 30 సెకన్లాగి లేపుతుంది. ఈ 30 మర్చిపోకు. రాయకపోతే 100 మిల్లీసెకన్లకే మళ్లీ లేపుతుంది, 10 సెకన్లలో 5 సార్లు పడిపోతే ఇక వదిలేస్తుంది. నెట్ కాసేపు పోయినా చాలు, ఆ రోజుకి నాన్నకి మెసేజ్ లేనట్టే.

ఇక్కడ చలి మొదలైంది. స్వెటర్ వేసుకుంటున్నానని అమ్మకి చెప్పు, నమ్మకపోతే ఫోటో పంపుతాను.

ఆ సర్వీస్ ఫైలు చివర, రీబూట్ అయినప్పుడు దానంతటదే మొదలవడానికి, వాంటెడ్‌బై మల్టీ-యూజర్ డాట్ టార్గెట్ రాయి. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో, కొత్త ఫైలు చదివించే డీమన్-రీలోడ్, ఆపైన ఎనేబుల్‌కి నౌ జోడించి కొట్టు. ఉత్త ఎనేబుల్ ఇప్పుడు మొదలుపెట్టదు, ఉత్త స్టార్ట్ రీబూట్ తర్వాత ఉండదు. స్టేటస్‌లో 203 కనిపిస్తే పైథాన్ దారి తప్పో, పర్మిషన్ లేదో. 217 అయితే యూజర్ పేరు తప్పు. స్క్రిప్టు ఏం చేసిందో చెప్పే లాగ్‌ని జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో చూడు. ప్రింట్లు ఆలస్యంగా వస్తుంటే పైథాన్‌అన్‌బఫర్డ్ 1 అని ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టు.

అసలు నా అనుమానం వేరే. స్టేటస్ పచ్చగా యాక్టివ్ అనే ఉండి మెసేజ్ రాకపోతే స్క్రిప్టు చావలేదు, బిగుసుకుపోయింది. చావనిదాన్ని రీస్టార్ట్ ఏం లేపుతుంది? సైటు నుంచి రేట్లు తెచ్చే రిక్వెస్ట్స్ గెట్‌కి టైమౌట్ ఇవ్వకపోతే అవతలి సైటు జవాబిచ్చేదాకా అలాగే కూర్చుంటుంది. ప్రతి గెట్‌కీ టైమౌట్ 30 సెకన్లు పెట్టు, గడువు దాటితే ఎర్రర్‌తో పడుతుంది, అప్పుడు రీస్టార్ట్ లేపుతుంది.

సర్వర్ గడియారం మన టైముకంటే ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీలో ఉందేమో కూడా చూడు. ఉంటే పొద్దున 9 గంటల మెసేజ్ మధ్యాహ్నం రెండున్నరకి పోతుంది, మిర్చి యార్డుకి బయల్దేరే ముందు నాన్నకి అది ఎందుకూ పనికిరాదు. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో టైమ్‌జోన్ ఏషియా కోల్‌కతా పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చెయ్యి.

నాన్న షుగర్ రిపోర్టు ఇంకా పంపలేదు నువ్వు. ఆయన్నడిగితే బానే ఉందంటారు, నువ్వే ఫోటో తీసి పెట్టు.

అక్క