కట్ట పోయింది, కథలైనా రాసుకుందాం

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఏమేం చూడవచ్చో చెబుతూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఓర్లాండో అంటే డిస్నీ, యూనివర్సల్ అని రాశారు. అవి మేమూ చూశాం. కానీ మా అమ్మాయి ఇంటికి కారులో పావుగంట దూరంలో ఈటన్‌విల్ అనే చిన్న ఊరు ఉంది. ఒక జనవరిలో అక్కడ పూటంతా తిరిగాను. తిరిగొచ్చినప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలని మనసులో ఉంది.

ఆ ఊరు పుట్టిన తేదీ 1887 ఆగస్టు 15. అల్లుడు చెబితే ముందు నమ్మలేదు. బానిసత్వం రద్దయి ఇరవై ఏళ్ళు దాటిన రోజులు. 27 మంది నల్లజాతి ఓటర్లు ఒకచోట కూడి, మా ఊరిని మేమే నడుపుకుంటాం అని ఓటు వేసి, దాన్ని పట్టణంగా నమోదు చేయించుకున్నారు. అప్పట్లో అంతా కలిపి 112 ఎకరాలు. నల్లవాళ్ళకి నేల అమ్మడానికే చాలామంది ఒప్పుకోని కాలం కాబట్టి, అమ్మినవాళ్ళలో ఒకరైన జోసయ్య ఈటన్ పేరే ఊరికి పెట్టుకున్నారు. మేయరు వాళ్ళవాడే, ఊరి చట్టాలు వాళ్ళవే. పదేళ్ళకల్లా, 1897లో, కాల్హౌన్ దంపతులు అక్కడ హంగర్‌ఫర్డ్ బడి మొదలుపెట్టారు. చదువుతోపాటు చేతిపనులు నేర్పే బడి అది.

నేను మాత్రం ఒకప్పుడు జో క్లార్క్ అనే ఆయన కొట్టు ఉన్న చోటే ఆగిపోయాను. ఆ కొట్టు ఇప్పుడు లేదు, కానీ దాని అరుగు ప్రపంచానికంతా తెలుసు. సాయంత్రం అయితే ఊరి మగవాళ్ళు ఆ అరుగు మీద చేరి కథలు, గొప్పలు, పోట్లాటలు. తర్వాత పెద్ద రచయిత్రి అయిన జోరా నీల్ హర్‌స్టన్ అనే పిల్ల అక్కడే పెరిగింది. వాళ్ళ నాన్న ఆ ఊరికి మేయరుగా కూడా చేశాడు. అమ్మ కొట్టుకి పంపితే, ఆ మాటలు వినడం కోసం కాళ్ళీడ్చుకుంటూ నడిచేదాన్నని ఆమె పెద్దయ్యాక రాసుకుంది. న్యూయార్క్‌లో చదువుకుని, 1920లలో సొంత ఊరికి తిరిగొచ్చి, ఆ అరుగు మీది కథలు ఒక్కొక్కటే రాసిపెట్టింది. 1960లో పేదరికంలో పోయింది. సమాధి మీద పేరు కూడా లేదు. 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్ళి రాయి పెట్టించింది.

ఆ రాతలే ఊరిని కాపాడాయి. 1987లో ఈటన్‌విల్ నడిబొడ్డున ఉన్న రోడ్డును అయిదు లేన్లు చేయాలని కౌంటీ, అంటే అక్కడి జిల్లా యంత్రాంగం, అనుకుంది. అలా చేస్తే ఊరే మిగలదు. అప్పుడు ఊరివాళ్ళు సంఘం పెట్టుకుని, ఇది జోరా ఊరు, మా కథలు పుస్తకాల్లో ఉన్నాయి, చూడండి అని నిలబడ్డారు. రోడ్డు వెడల్పు ఆగింది. 1990 నుంచి ప్రతి జనవరిలో జోరా పేరుతో పండగ చేస్తున్నారు. నేను వెళ్ళింది ఆ రోజుల్లోనే. అన్నీ నిలబడ్డాయని కాదు. ఇంటర్‌స్టేట్ 4 హైవే ఊరిని కోసుకుంటూ పోతుంది, ఊళ్ళోకి దిగే దారి మాత్రం లేదు. హంగర్‌ఫర్డ్ బడి కట్టడాలు పడగొట్టేశారు. ఆ బడి నేలను ఒక బిల్డరుకి అమ్మబోతే జనం మళ్ళీ లేచారు, కోర్టుకి వెళ్ళారు, 2023లో ఆ బేరం ఆగిపోయింది.

ఇక మా ఊరి సంగతి. మాది బెంగళూరు తూర్పున, వర్తూరు వైపు ఒక పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. 2007లో ఏడు నగరసభలతో, ఒక పురసభతో, 110 పల్లెలతో కలిపి బెంగళూరు మహానగర పాలికె అయినప్పుడు అందులో కలిసిపోయాం. నేను ముప్ఫై నాలుగేళ్ళు పోస్టల్ శాఖలో పనిచేశాను. ఉత్తరాల మీద మా ఊరి పేరు మెల్లగా పోయి, లేఅవుటు పేరు, క్రాసు నంబరు రావడం నా చేతుల మీదుగానే జరిగింది.

మాకూ అరుగు ఉండేది. రావిచెట్టు కింద కట్ట. చెరువు నీళ్ళు ఎవరి మడికి ఎన్ని గంటలో నీరుగంటి అక్కడే చెప్పేవాడు, తగువు వస్తే అక్కడే తెగేది. ప్లేగు వచ్చిన ఏడు ఊరంతా ఇళ్ళు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకున్న సంగతి మా తాత ఆ కట్ట మీదే చెప్పాడు. కిరసనాయిలుకని పంపితే డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయేవాణ్ణి.

ఒక మాట దాచకూడదు. ఆ కట్ట మీద అందరూ కూర్చోలేదు. కేరివాళ్ళు, అంటే మా ఊరి దళితవాడ వాళ్ళు, దూరంగా నేల మీద నిలబడే మాట్లాడేవాళ్ళు. మేము అది మామూలే అనుకున్నాం. ఇతరుల అరుగు మీద చోటు లేనివాళ్ళు సొంతంగా అరుగు కట్టుకుంటే ఎలా ఉంటుందో ఈటన్‌విల్‌లో చూశాక, ఆ నిలబడిన మనుషులే గుర్తొచ్చి చాలా బాధపడ్డాను. వాళ్ళ ఇళ్ళల్లో మా ఊరి కథ వేరేగా ఉంటుంది. అదీ రాయాలి.

మా కట్ట రోడ్డు వెడల్పులో పోయింది. చెట్టు కొట్టిన రోజు మేము పదిమందిమి నిలబడి చూశాం. ఒక్కరమూ నోరు తెరవలేదు. తెరిచినా చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు.

అందుకే మీకు నా విన్నపం. బెంగళూరులో కలిసిపోయిన తెలుగు పల్లెల పాత సంగతులకు మీ ఇక్కడి ఎడిషన్‌లో వారానికి అరపేజీ ఇవ్వండి. రాయగలిగినవాళ్ళు రాస్తారు, రాయలేనివాళ్ళ దగ్గరికి విలేఖరిని పంపండి. నేను నోట్‌బుక్కులో ఇప్పటికి పందొమ్మిది కథలు రాసుకున్నాను, అవి ఇస్తాను. కేరిలో ఇద్దరు పెద్దవాళ్ళు మాట్లాడతామన్నారు. మా పెద్దమ్మకి 91 ఏళ్ళు. ఆఖరి నీరుగంటి ఆమె మేనమామ, నీళ్ళ వంతుల లెక్క ఇప్పటికీ నోటికి వచ్చు. విలేఖరి వస్తే పొద్దున తొమ్మిదిలోపు రమ్మనండి. ఆ తర్వాత ఆమెకు సరిగ్గా వినపడదు.

ఇట్లు,
విశ్రాంత సబ్ పోస్టుమాస్టర్, వర్తూరు వైపు, బెంగళూరు