లైనక్స్‌కీ గడువు తేదీ ఉంటుంది, అది కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది కాబట్టి పాత కంప్యూటర్‌ని పడేయకుండా విండోస్ బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ వేసుకోమని పత్రికల్లో తెగ రాశారు. సలహా మంచిదే, నేనూ అదే చెప్తాను. కానీ లైనక్స్‌కీ గడువు ఉంటుందన్న ముక్క చాలామంది రాయడం లేదు. ఒకసారి వేసేస్తే ఇక పట్టించుకోనక్కర్లేదని జనం అనుకుంటున్నారు, అందుకే లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు పాత వెర్షన్ 20.04 మీదే ఇంకా బ్యాంకు పనులు చేసుకునేవాళ్లు ఉన్నారు. దానికి అందరికీ వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 మే నెలతోనే ఆగిపోయాయి. కంప్యూటర్ మాత్రం ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, బ్రౌజర్ తెరుచుకుంటుంది, ఇక అనుమానం ఎందుకొస్తుంది?

ఉబుంటులో రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్‌కి, అంటే ఎక్కువకాలం నడిచే వెర్షన్‌కి, ఐదేళ్ల సపోర్ట్ ఉంటుంది, మధ్యలో వచ్చే వెర్షన్లకి తొమ్మిది నెలలే. కొత్తగా వచ్చేవాళ్లు పెద్ద నంబర్ కనిపించిందని ఆ తొమ్మిది నెలలదే వేసుకుంటారు. పైగా 20.04 నుంచి ఒకేసారి 24.04కి అప్‌గ్రేడ్ అవ్వదు, ముందు 22.04కి వెళ్లి తీరాలి.

అప్‌గ్రేడ్ అంటే అందరికీ టెన్షనే, ఎందుకంటే సగంలో వద్దనుకుంటే వెనక్కి తిప్పే బటన్ ఉండదు. బ్యాకప్ విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ పెట్టాం కదా అని ధీమాగా ఉంటారు, అది మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, పిల్లల ఫొటోలు, ఆఫీసు కాగితాలు ఉండే హోమ్ ఫోల్డర్ జోలికి పోదు. వాటిని విడిగా వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాల్సిందే. బయటి నుంచి చేర్చుకున్న పీపీఏలను (అదనపు సాఫ్ట్‌వేర్ వచ్చే చోట్లను) అప్‌గ్రేడ్ తనంతట తానే ఆపేస్తుంది, పనయ్యాక వాటిని మనమే చూసుకుని మళ్లీ ఆన్ చేసుకోవాలి. ఇక కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ విండోలో అప్‌గ్రేడ్ చేస్తుంటే మధ్యలో ఆగి, మీరు మార్చిన సెట్టింగ్స్ ఫైల్ ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడుగుతుంది. అక్కడ కంగారుపడి విండో మూసేయొద్దు, డి నొక్కితే రెండింటికీ తేడా ఏంటో చూపిస్తుంది, ఉత్తి ఎంటర్ కొడితే మీ పాత ఫైలే ఉంటుంది.

మీ టెక్ పేజీలో లైనక్స్ వేసుకోమని రాసిన ప్రతిసారీ ఆ వెర్షన్‌కి సపోర్ట్ ఏ ఏడాది దాకానో పక్కనే వేయండి. 22.04 వాడేవాళ్లకి 2027లో, 24.04 వాళ్లకి 2029లో ఆ గడువు వస్తుంది, ఇప్పుడే తెలిస్తే తీరిగ్గా బ్యాకప్ తీసుకుని అప్‌గ్రేడ్ చేసుకుంటారు.

- మీ పాఠకుడు