పిల్లలు అడుగుతున్నారు, జవాబు చెప్పనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక తండ్రి గారు రాసింది చదివాను. ఎనిమిదో క్లాసు పిల్లల ముందు స్వలింగ వివాహాల గురించి మాట్లాడే టీచర్లని ఉద్యోగంలోంచి తీసెయ్యాలని రాశారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది, మన పిల్ల స్కూల్లో ఏం వింటోందో అన్న బెంగ ఏ తల్లిదండ్రులకైనా ఉంటుంది. కానీ నేను చెన్నైలో సోషల్ చెప్పే టీచర్ని, మాది నెల్లూరు, పెళ్ళయ్యాక ఇక్కడే ఉండిపోయాం, రోజూ సరిగ్గా ఆ వయసు పిల్లల మధ్యే ఉంటాను కాబట్టి క్లాసులో అసలు ఏం జరుగుతుందో చెప్పాలనిపించి రాస్తున్నా.

ఈ విషయాన్ని మేమేం పట్టుకొచ్చి పిల్లల నెత్తిన రుద్దట్లేదండీ. వాళ్ళ మధ్య ఇది ఎప్పట్నుంచో ఉంది. కాస్త సున్నితంగా నడిచే, మాట్లాడే అబ్బాయిల్ని ఏడిపించడానికి ఇక్కడ తొమ్మిది అనే అంకెని వాడతారు, చెన్నైలో పెరిగిన మన తెలుగు పిల్లలకీ అది బాగా తెలుసు. అటెండెన్స్ తీస్తుంటే తొమ్మిదో నంబర్ రాగానే వెనక బెంచీల్లోంచి కిసుక్కుమని నవ్వు వినిపిస్తుంది. ఆ నంబర్ ఉన్న పిల్లాడు మెల్లిగా 'ప్రెజెంట్ మిస్' అనడం మానేసి చెయ్యెత్తడం మొదలుపెట్టాడు, అదీ భుజం దాకా ఎత్తి వెంటనే దించేస్తాడు. వాడు ఎలాంటివాడో నాకు తెలీదు, తెలుసుకోవాల్సిన పని కూడా నాకు లేదు. క్లాసులో ఈ మాటే రాకూడదు అంటున్న పెద్దలు ఈ నవ్వుని ఏం చెయ్యమంటారో అది కూడా చెప్తే బావుంటుంది.

ఇలా ఏడిపించడం గురించి క్లాసులో మాట్లాడాలంటే నేను కులంతో మొదలుపెడతాను. పాత ఎన్సీఈఆర్‌టీ ఆరో తరగతి సివిక్స్ పుస్తకంలో అంబేద్కర్ గారి చిన్నప్పటి సంగతి ఒకటుంది, 1901లో తొమ్మిదేళ్ళ వయసులో అన్నతో, అక్క పిల్లలతో కలిసి తండ్రి దగ్గరికి కోరేగావ్ బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగితే, వీళ్ళది ఏ కులమో తెలియగానే స్టేషన్ మాస్టర్ మొహం మారిపోయింది, ఒక్క ఎడ్లబండివాడూ ఎక్కించుకోలేదు, చివరికి రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు కానీ బండి పిల్లల్నే తోలుకోమని తను పక్కన నడిచాడు. అది చదివినప్పుడు పిల్లలకి ఎంత కోపం వస్తుందో చూడాలి మీరు. 'డబ్బులిస్తుంటే వాడికేం నొప్పి మిస్' అంటారు. ఇదేదో పాతకాలం కథ కూడా కాదు, 2023 ఆగస్టులో ఇదే రాష్ట్రంలో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని తోటి పిల్లలే ఇంటికెళ్ళి కొడవళ్ళతో నరికారు, ఆ తర్వాతే స్కూళ్ళలో కుల గొడవలు ఎలా ఆపాలో చెప్పమని ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి జస్టిస్ చంద్రుతో ఒక కమిటీ వేసింది, కులాన్ని చూపించే రంగు దారాలు చేతులకి కట్టుకురానివ్వొద్దని ఆ కమిటీ చెప్పింది. ఇదంతా మాట్లాడుకున్నాక, మరి మన క్లాసులో మనం ఎవర్ని పక్కన నడిపిస్తున్నాం అని అడిగితే క్లాసు కాసేపు సైలెంట్ అయిపోతుంది.

అలాంటి ఒక పీరియడ్‌లోనే ఒకమ్మాయి లేచి అడిగింది, ఇద్దరు అమ్మాయిలు కలిసుంటే పోలీసులు పట్టుకుంటారా మిస్ అని. ఆ ప్రశ్నకి 'కూర్చో' అనడం కూడా ఒక జవాబే, తప్పు జవాబు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వయసొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళైనా, ఇద్దరు మగవాళ్ళైనా ఇష్టపడి కలిసుండటం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళి విషయానికొస్తే 2023 అక్టోబర్ 17న అయిదుగురు జడ్జీలూ అది ప్రాథమిక హక్కు కాదనే అన్నారు, చట్టం మార్చడం పార్లమెంట్ పని అన్నారు, ఇలాంటి జంటల బంధానికి వేరే రకం గుర్తింపు ఇవ్వాలా వద్దా అన్న దగ్గర మాత్రం ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు అయ్యారు. ఇదంతా బోర్డు మీద రాశాను. నా అభిప్రాయం అయితే చట్టం మారాలనే, అది ఇక్కడ దాచుకోను, కానీ క్లాసులో కోర్టు ఒప్పుకుందని చెప్పను, ఒప్పుకోవాల్సిందేనని పిల్లల చేత వల్లె వేయించను.

తర్వాత పెళ్ళి వల్ల చట్టం ఏమేం ఇస్తుందో చెప్పమన్నాను, ఆస్తి, పెన్షన్, పీఎఫ్ నామినీ అంటూ వాళ్ళే లిస్ట్ చేశారు, తండ్రికి ఆపరేషన్ అయిన పిల్లాడొకడు ఆస్పత్రిలో సంతకం అన్నాడు. 'మరి వాళ్ళకి ఎవరు పెడతారు మిస్?' అని వాడే మళ్ళీ అడిగాడు. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఇలాంటి జంటలు బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవొచ్చని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చని స్పష్టం చేసిన సంగతి చెప్పాను. ఇందులో ఆ తండ్రి గారు భయపడుతున్న బూతు ఎక్కడుందండీ? పడగ్గది సంగతులు మేం ఆడామగా పెళ్ళి గురించి చెప్పేటప్పుడూ మాట్లాడం, ఇక్కడా మాట్లాడం. ఏ పిల్లనీ నీ సంగతేంటి అని అడగం. నోటితో అడగలేనివాళ్ళు పేరు రాయకుండా చీటీ వేస్తారు, అంతే.

మన సంప్రదాయం కాదు అనేవాళ్ళు వీరేశలింగం గారిని ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1856లోనే చట్టం వచ్చినా, 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం చేయిస్తే ఊరంతా మీద పడింది, సంప్రదాయం మంటగలిసిందనే అప్పుడూ అన్నారు. ఆయన కూడా టీచరే, తెలుగు పండితుడు, ఆ గొడవలో పక్కన నిలబడింది చాలామటుకు ఆయన స్టూడెంట్సే. తర్వాత ఈ మద్రాసులోనే ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పారు. ఇక తమిళనాడు సంగతంటారా, పురోహితుడు లేకుండా దండలు మార్చుకునే పెళ్ళిళ్ళకి 1967లో అన్నాదురై ప్రభుత్వం చట్టం తెచ్చేదాకా గుర్తింపే లేదు, మా క్లాసులో ఒక పిల్ల వాళ్ళ తాతయ్య, నాయనమ్మలది అలాంటి పెళ్ళేనని గర్వంగా చెప్పింది.

తల్లిదండ్రులకి తెలీకుండా ఇదంతా చెయ్యాలని నేననట్లేదు. 2021 జూన్ 7న మద్రాస్ హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేష్ ఇలాంటి ఇద్దరు అమ్మాయిల కేసులో ఆర్డర్ ఇచ్చే ముందు, ఈ విషయం తనకే సరిగ్గా అర్థం కాలేదని ఒప్పుకుని ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. స్కూళ్ళు పీటీఏ మీటింగుల్లో తల్లిదండ్రులకి అవగాహన కల్పించాలని అదే ఆర్డర్లో సూచించారు. నాకు తెలిసిన స్కూళ్ళలో ఆ మీటింగులు మార్కులు, ఫీజులు, వ్యాన్ టైమింగుల దగ్గరే అయిపోతున్నాయి. మేనేజ్‌మెంట్లు ఒక అరగంట దీనికి కేటాయిస్తే, ఏం చెప్తున్నామో తల్లిదండ్రుల ముందే చెప్పడానికి నేను రెడీ. ఆ ఉత్తరం రాసిన తండ్రి గారు వచ్చి ముందు వరసలో కూర్చుని ఎన్ని ప్రశ్నలడిగినా సంతోషమే.

మీకూ ఒక రిక్వెస్ట్ ఉంది ఎడిటర్ గారూ. ఆ 2023 తీర్పులో రెండు వైపుల జడ్జీలూ ఏమన్నారో పదమూడేళ్ళ పిల్లలకి అర్థమయ్యే తెలుగులో మీ ఆదివారం పిల్లల పేజీలో వెయ్యండి. నేను కట్ చేసి క్లాసు గోడకి అంటిస్తాను.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
విల్లివాక్కం, చెన్నై