మా వెనకే డీసీఎం వ్యాను నడిపిన అన్నకు

మొన్న రాత్రి ఖమ్మం రోడ్డు మీద పంథిని దగ్గర బస్సు దిగి, నేనూ అమ్మా ఐనవోలు దిక్కు నడిచినం. స్తంభాలున్నయి గానీ లైట్లు లేవు. రోడ్డు అంచు పొడుగునా వడ్లు ఆరబోసి, పరదాలు కప్పి, మీద రాళ్లు పెట్టిన్రు. (రైతులనేమంటం, కల్లాలు లేకపాయె.) తారు మీదికి ఎక్కక తప్పలే. ఎదురొచ్చిన రెండు కార్లూ ఫుల్ లైట్లతోనే పోయినయి. అవి పోయినంక కండ్లకు ఏమీ ఆనలే, అమ్మ కాలు రాయికి తగిలింది.

తర్వాత నువ్వొచ్చినవ్ అన్నా, వెనక నుంచి. హారన్ కొట్టలే. లైటు దించి, స్పీడు తగ్గించి, మలుపు దాకా మా వెనకే మెల్లగ నడిపినవ్. మా నీడలు ముందర పొడుగ్గా పడ్డయి, ఏ రాయి ఎక్కడుందో కనబడ్డది. 60 స్పీడులో ఉన్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతది. అమ్మదేమో ముదురు నీలం చీర, చీకట్ల దూరం నుంచి ఆనదు.

నంబరు చూడలే. బండి వెనక తలుపుకు, అదే డాలాకు, పచ్చతాడు వేలాడుడే యాదికున్నది. అమ్మ చెయ్యెత్తింది, చూసినవో లేదో. నీకు శనార్థులన్నా. మరుసటి రోజే టార్చిలైటు కొన్నం, అమ్మ కొంగు మీదికి తెల్ల తువ్వాల కూడా.